నగర పోలీసు కొలువు: అర్హతలు, జీతము, నిరీక్షణ

నగర పోలీసు అనగానే మనకు స్ఫురించునది కూడలిలో నిలిచి బండ్లను నడిపించు జవాను, బందోబస్తు నాడు వీథి పొడవునను బారులు తీరిన దళములు. రెడ్డిగూడెము వంటి మామిడితోటల గ్రామమునకు ఆ మాట నిన్న మొన్నటి వరకు దూరముగా తోచెడిది. ఇప్పుడు అట్లు కాదు. 2022 ఏప్రిలులో రాష్ట్రములోని జిల్లాలను పునర్విభజించినప్పుడు రెడ్డిగూడెము మండలము క్రొత్తగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. విజయవాడ నగర పోలీసు కమిషనరు అధికారపరిధి ఆ జిల్లా అంతటికిని విస్తరించినది. కనుక బంగినపల్లి, చిన్న రసముల తోటల నడుమనున్న పోలీసు ఠాణా సైతము నేడు నగర కమిషనరేటులోని ఠాణాయే.

పరిధి మారినంత మాత్రమున ఉద్యోగములో చేరు మార్గము మారలేదు. ఇంటర్మీడియటు ముగించిన కుమారుడో, పట్టా పుచ్చుకొన్న కుమార్తెయో గల ప్రతి ఇంటిలోను వినవచ్చు ప్రశ్నలు కొన్ని కలవు. దానికి ఎంత చదువు కావలెను? ఎంత ఎత్తు ఉండవలెను? చేతికి వచ్చునది ఎంత? వీనికి సమాధానములు ప్రకటనలలో అచ్చుపడియే యున్నవి. ప్రకటనలో అచ్చుపడని ప్రశ్న మరియొకటి కలదు: దరఖాస్తు పెట్టిన నాటి నుండి ఫలితము తెలియు నాటికి ఎంత కాలము పట్టును? మొదటి మూటికన్న ఈ నాలుగవ ప్రశ్నయే కుటుంబమునకు ముఖ్యమైనదని మా అభిప్రాయము. అన్నింటిని వరుసగా విచారింతము.

నాలుగు ద్వారములు

నగర పోలీసులకని వేరొక పరీక్ష ఉన్నదని పలువురు భావించుచున్నారు. అట్టిది లేదు. నగరమునకైనను, జిల్లాకైనను కానిస్టేబుళ్లను, సబ్ ఇన్‌స్పెక్టర్లను ఎన్నుకొనునది రాష్ట్రస్థాయి పోలీసు నియామక మండలి. పరీక్ష ఒక్కటే, జీతపు స్కేలు ఒక్కటే. ఎన్నికైన పిదప ఏ యూనిట్టునకు కేటాయింపబడిన వారు ఆ యూనిట్టులో పనిచేయుదురు.

పోలీసు శాఖలోనికి నేరుగా ప్రవేశించుటకు నాలుగు ద్వారములు కలవు. మొదటిది కానిస్టేబులు. రెండవది సబ్ ఇన్‌స్పెక్టరు. మూడవది డిప్యూటీ సూపరింటెండెంటు. దీనిని రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను వారు గ్రూపు ఒకటి పరీక్ష ద్వారా భర్తీచేయుదురు. నాలుగవది అఖిల భారత పోలీసు సర్వీసు. దీనికి కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్ష కలదు. కమిషనరు పదవిలో మనము చూచు అధికారి ఈ సర్వీసునకు చెందినవారు. కమిషనరేటులో సాధారణముగా ఠాణాకు పెద్ద ఇన్‌స్పెక్టరు. ఆయనపై సహాయ కమిషనరు, ఆపైన డిప్యూటీ కమిషనరు ఉందురు. ఇన్‌స్పెక్టరు పదవికి నేరుగా నియామకము లేదు. క్రిందినుండి పదోన్నతిపై రావలసినదే.

దిగువ ద్వారమున ప్రవేశించినవాడు పైకి రాలేడని అర్థము కాదు. హైదరాబాదు సంస్థానమున అమీను కొలువులో ప్రవేశించిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు 1920 నుండి 1934 వరకు ఆ నగరమునకు కొత్వాలుగా ఉండిరి. ఐనను అది అరుదైన చరిత్ర. కానిస్టేబులుగా చేరినవారు హెడ్ కానిస్టేబులు, సహాయ సబ్ ఇన్‌స్పెక్టరు మెట్లు ఎక్కుటకే పెక్కేండ్లు పట్టును. కావున ఏ ద్వారమునకు తమ చదువు సరిపోవునో చూచుకొని, సరిపోయినంతలో పై ద్వారమునే తట్టుట మేలు.

చదువు, వయస్సు

2022 నవంబరు 28న వెలువడిన ప్రకటనలను ఇచట ఆధారముగా గ్రహించితిమి. వానిలో కానిస్టేబుళ్ల ఖాళీలు 6,100. అందు 3,580 సివిలు పోలీసులకు, 2,520 ప్రత్యేక పోలీసు పటాలములకు చెందినవి. సబ్ ఇన్‌స్పెక్టర్ల ఖాళీలు 411. ఇకముందు వచ్చు ప్రకటనలలో అంకెలు మారవచ్చును. కాబట్టి దరఖాస్తు చేయునప్పుడు అప్పటి ప్రకటనను ఆసాంతము చదువవలెను.

కానిస్టేబులు పదవికి ఇంటర్మీడియటులోగాని, తత్సమానమైన పరీక్షలోగాని ఉత్తీర్ణత కావలెను. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు పదవ తరగతి ఉత్తీర్ణులై, ఇంటర్మీడియటు చదివి, రెండేండ్ల పరీక్షలన్నిటికి హాజరైయున్న చాలును. సబ్ ఇన్‌స్పెక్టరు పదవికి ఏదేని విశ్వవిద్యాలయ పట్టము ఉండవలెను. ఏ శాస్త్రములో పట్టము పొందినది అనునది ప్రధానము కాదు. వాణిజ్యము చదివినవారును, తెలుగు సాహిత్యము చదివినవారును సమానులే.

వయస్సును 2022 జులై 1వ తేదీకి లెక్కించిరి. కానిస్టేబులునకు 18 ఏండ్లు నిండి 24 నిండకుండవలెను. సబ్ ఇన్‌స్పెక్టరునకు 21 నిండి 27 నిండకుండవలెను. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు అయిదేండ్ల సడలింపు కలదు. పెక్కేండ్లుగా నియామకములు లేకపోవుటచే అభ్యర్థులు మొరపెట్టుకొనగా, ఆ యేడు డిసెంబరులో ప్రభుత్వము అందరికిని మరి రెండేండ్లు సడలించినది. అట్టి సడలింపు ప్రతి పర్యాయము లభించునని ఎవ్వరును లెక్కవేసికొనరాదు.

స్థానికత విషయము పల్లెవాసులు ప్రత్యేకముగా గమనింపదగినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును అనుసరించి కానిస్టేబులు పదవులు జిల్లా స్థాయివి, సబ్ ఇన్‌స్పెక్టరు పదవులు జోను స్థాయివి. వీనిలో అధిక భాగము స్థానికులకే చెందును. స్థానికుడెవరు అన్నది తాతముత్తాతల ఊరినిబట్టి గాక, అభ్యర్థి పదవ తరగతి వరకు ఎచ్చట చదివెను అనుదానినిబట్టి తేలును. మన ప్రాంతమునకు ఖమ్మము జిల్లా పొరుగు. అచటి వసతి పాఠశాలలో కొన్నియేండ్లు చదివి వచ్చిన పిల్లవాడు తన స్థానికతను ముందే సరిచూచుకొనవలెను. నాలుగవ తరగతి మొదలు పదవ తరగతి వరకు చదివిన ధ్రువపత్రములను పాఠశాలలనుండి తెప్పించి ఇంట భద్రపరచుకొనుట అవసరము. ప్రకటన వెలువడిన తరువాత వీనికై తిరుగుట కష్టము.

ఎత్తు, ఛాతీ, పరుగు

శరీర ప్రమాణములు చూచినచో అంకెలు విచిత్రముగా తోచును. పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినప్పుడు కనీసము 5 సెంటీమీటర్లు విస్తరింపవలెను. స్త్రీలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లకు, బరువు 40 కిలోగ్రాములకు తగ్గరాదు. ఈ దశాంశములు ఎందుకు వచ్చినవి? ఇవి అడుగులు, అంగుళములు వాడుకలోనున్న కాలపు కొలతలు. పురుషులకు అయిదడుగుల ఆరంగుళములు, ఛాతీ ముప్పదినాలుగు అంగుళములు, విస్తరణ రెండంగుళములు, స్త్రీలకు అయిదడుగులు అను పాత నియమములనే మెట్రికు కొలతలలోనికి మార్చి వ్రాసిరి. ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులకు కొంత మినహాయింపు కలదు: పురుషులకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల ఛాతీ, 3 సెంటీమీటర్ల విస్తరణ, స్త్రీలకు 150 సెంటీమీటర్ల ఎత్తు, 38 కిలోగ్రాముల బరువు.

ఛాతీ విస్తరణ అభ్యాసముచే పెరుగును. ఎత్తు పెరుగదు. కావున శిక్షణ కేంద్రమునకు రుసుము కట్టుటకు ముందే గోడకు ఆనించి ఎత్తు కొలిచి చూచుకొనవలెను. ఇది చిన్న మాటవలె కనిపించును. ఐనను వ్రాతపరీక్ష నెగ్గి, దేహ ప్రమాణముల పరీక్షలో అర సెంటీమీటరు తక్కువై మరలి వచ్చుటకన్న దుఃఖము లేదు. కన్నుల విషయమును అట్టిదే. రెండు కన్నులకు వేర్వేరుగా పూర్ణదృష్టి ఉండవలెను. రంగుల తేడా తెలియని వారును, మెల్లకన్ను గలవారును అనర్హులు. మోకాళ్లు ఒరయుట, చదునైన పాదములు, నరములు ఉబ్బుట వంటి లోపములను వైద్యులు పరీక్షింతురు. మొదటనే ప్రభుత్వ వైద్యునికి చూపించుకొన్న సందేహము తీరును.

ఇక పరుగు. సివిలు పోలీసు అభ్యర్థులందరును 1,600 మీటర్లు పరుగెత్తవలెను. ఇదియు పాత మైలు దూరమే. పురుషులకు 8 నిమిషములు, స్త్రీలకు 10 నిమిషముల 30 సెకండ్లు గడువు. దీనిని నాలుగు భాగములు చేసి చూచినచో పురుషుడు ప్రతి 400 మీటర్లను 2 నిమిషములలో పూర్తిచేయవలెను. తోటలలో పనిచేసి పెరిగిన యువకునికి ఇది అసాధ్యమైన వేగము కాదు. ఐనను మొదటి చుట్టు ఒకటిన్నర నిమిషములో ఉరికి, మూడవ చుట్టులో చతికిలబడువారే ఎక్కువ. సమవేగము అభ్యసింపవలెను. ఈ పరుగుతో పాటు 100 మీటర్ల పరుగు, పొడవు దూకుడు అను రెండింటిలో ఏదో ఒకటి నెగ్గవలెను. 100 మీటర్లకు పురుషులకు 15 సెకండ్లు, స్త్రీలకు 18 సెకండ్లు. దూకుడులో పురుషులకు 3.80 మీటర్లు, స్త్రీలకు 2.75 మీటర్లు.

సివిలు పోలీసు విభాగమున ఈ పరీక్షలకు మార్కులు లేవు. నెగ్గుట, ఓడుట మాత్రమే కలదు. ఎంత వేగముగా పరుగెత్తినను తుది జాబితాలో ఒక్క మార్కైనను కలియదు. ప్రత్యేక పటాలముల విభాగమున మాత్రము దేహదారుఢ్య పరీక్షకు 100 మార్కులు, తుది వ్రాతపరీక్షకు 100 మార్కులు కలవు. పరుగునందు ప్రజ్ఞ గలవారికి ఆ విభాగము అనుకూలము. ఈ భేదము ఎరుగక, ఉదయము సాయంకాలము మైదానముననే గడిపి పుస్తకమును మరచిన సివిలు అభ్యర్థులు పెక్కుమంది కలరు.

వ్రాతపరీక్ష

కొలువు నిర్ణయించునది వ్రాతపరీక్షయే. కానిస్టేబులు ప్రాథమిక పరీక్ష 200 మార్కులకు, మూడు గంటల కాలము జరుగును. ఆంగ్లము, అంకగణితము, సామాన్య విజ్ఞానశాస్త్రము, భారతదేశ చరిత్ర, సంస్కృతి, జాతీయోద్యమము, భూగోళము, రాజ్యవ్యవస్థ, ఆర్థికవ్యవస్థ, వర్తమాన విషయములు, తార్కిక శక్తి అందలి విషయములు. ప్రశ్నపత్రము తెలుగులోను ఉండును. సాధారణ వర్గమువారు 40 శాతము అనగా 80 మార్కులు, వెనుకబడిన తరగతులవారు 70, షెడ్యూల్డు కులములు, తెగలవారు 60 మార్కులు తెచ్చుకొనవలెను. దేహ పరీక్షల పిదప సివిలు అభ్యర్థులకు మరల 200 మార్కుల తుది పరీక్ష కలదు.

సబ్ ఇన్‌స్పెక్టరు తుది పరీక్షలో నాలుగు పత్రములు. ఆంగ్లము, తెలుగు పత్రములలో ఉత్తీర్ణత చాలును. అంకగణితము తార్కిక శక్తి ఒక పత్రము, సామాన్య జ్ఞానము ఒక పత్రము. ఒక్కొక్కటి 200 మార్కులకు. ఈ రెంటి మార్కులే ర్యాంకును నిర్ణయించును. మాతృభాషలో నాలుగు మాటలు పొందికగా వ్రాయలేనివాడు ఫిర్యాదుదారుని వాఙ్మూలమును సరిగా నమోదు చేయలేడు. కావున తెలుగు పత్రమును తేలికగా చూడరాదు.

ఈ నియామకములలో మౌఖిక పరీక్ష లేదు. ఈ ఒక్క మాటను ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనవలెను. ప్రతి నియామక కాలమందును పల్లెలలో మధ్యవర్తులు బయలుదేరుదురు. తమకు పైవారితో పరిచయము కలదనియు, ఇంత సొమ్ము ఇచ్చినచో పేరు జాబితాలో చేర్పింతుమనియు చెప్పుదురు. ఎదుట కూర్చుండి మార్కులు వేయు అధికారియే లేనప్పుడు వారు చెప్పు మాట ఎవరికి చెప్పుదురు? పదిమంది వద్ద పుచ్చుకొందురు. వారిలో స్వశక్తిచే ఒకరిద్దరు ఎన్నికైనచో అది తమ ప్రయోజకత్వమే అందురు. తక్కినవారికి సాకులు చెప్పుదురు. తోటను కుదువబెట్టి తెచ్చిన సొమ్ము అట్లు పోయినచో ఫిర్యాదు చేయుటకు కూడ ఆ కుటుంబము సిగ్గుపడును. ఈ దారి పట్టకుండుటయే క్షేమము.

నడవడి విచారణ మరియొకటి. ఎన్నికైన పిదప అభ్యర్థి పూర్వ చరిత్రను పోలీసులు విచారింతురు. తిరునాళ్లలో జరిగిన కొట్లాటయో, గట్టు తగాదాయో కేసుగా నమోదై ఉండవచ్చును. దానిని దాచిపెట్టుట మిక్కిలి ప్రమాదకరము. 2016లో అవతార్ సింగు వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ విషయమును విపులముగా చర్చించినది. స్వల్ప నేరమైనచో యజమాని దానిని ఉపేక్షింపవచ్చును. కావలెనని దాచిన విషయము మాత్రము ఉద్యోగమునకే ముప్పు తేగలదు. కావున కేసు ఉన్నచో ఉన్నదనియు, కొట్టివేయబడినచో కొట్టివేయబడినదనియు ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.

జీతము, దాని లెక్క

2022 వేతన సవరణ ప్రకారము కానిస్టేబులు స్కేలు 25,220 రూపాయల నుండి 80,910 రూపాయల వరకు. సబ్ ఇన్‌స్పెక్టరు స్కేలు 44,570 నుండి 1,27,480 వరకు. డిప్యూటీ సూపరింటెండెంటు స్కేలు 61,960 నుండి 1,51,370 వరకు. ఈ అంకెలను చూచి కానిస్టేబులునకు నెలకు ఎనుబదివేలు వచ్చునని తలచువారు కలరు. మొదటి అంకె చేరిన నాటి మూలవేతనము. రెండవది ఆ స్కేలులో తుది మెట్టు. నడుమ నున్నవి ఏడాదికొక మెట్టు చొప్పున ఎక్కవలసినవి.

25,220 అను అంకె ఎట్లు ఏర్పడినది? అంతకు ముందటి స్కేలులో కానిస్టేబులు తొలి మూలవేతనము 16,400. దానికి అప్పటివరకు పెరిగిన కరువు భత్యము 30.392 శాతము కలిపిరి. అది 4,984 రూపాయలు. పైన 23 శాతము ఫిట్‌మెంటు అను పెంపుదల కలిపిరి. అది 3,772 రూపాయలు. మొత్తము 25,156. స్కేలు మెట్లలో దీనికి పై మెట్టు 25,220. ఈ విధముగా వేతన సవరణలో పెద్ద భాగము క్రొత్తగా వచ్చిన సొమ్ము కాదు, ధరల పెరుగుదలకు లోగడ ఇచ్చిన భత్యమును మూలవేతనములో కలిపినదే. వార్తలలో జీతములు ఒక్కుమ్మడి పెరిగినవని చదివినప్పుడు ఈ లెక్క జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక మెట్లు. మొదటి యేటి ఇంక్రిమెంటు 720 రూపాయలు. మూలవేతనము 25,940 అగును. తరువాత మూడేండ్లు 780 చొప్పున పెరిగి 28,280 అగును. అయిదవ యేట 850 కలిసి 29,130. అనగా అయిదేండ్ల సేవకు మూలవేతనమున పెరుగుదల నాలుగు వేలకు లోపు. సబ్ ఇన్‌స్పెక్టరు మొదటి ఇంక్రిమెంటు 1,260 రూపాయలు. పట్టము ఉండియు కానిస్టేబులు పరీక్షతో తృప్తిపడు యువకుడు ఈ భేదమును చూడవలెను. ఒకే పుస్తకములు, ఇంచుమించు ఒకే పరుగు. తొలి మూలవేతనములో వ్యత్యాసము 19,350 రూపాయలు.

మూలవేతనముపై కరువు భత్యము వచ్చును. ఇది ధరల సూచికను అనుసరించి మారుచుండును. ఇంటి అద్దె భత్యము పనిచేయు ఊరి జనాభానుబట్టి ఉండును. 50 వేల లోపు జనాభాగల చోట్ల 10 శాతము; 2 లక్షలు దాటి 50 లక్షల లోపు జనాభాగల నగరములలో 16 శాతము. తొలి మూలవేతనముపై పల్లెలో 2,522 రూపాయలు, అట్టి నగరమున 4,035 రూపాయలు. తేడా 1,513 రూపాయలు. నగర ఉద్యోగమున ఖర్చు పెరుగునంతగా భత్యము పెరుగదని దీనివలన తెలియుచున్నది.

జీతమునుండి పోవునవి కూడ లెక్కింపవలెను. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన రాష్ట్రోద్యోగులకు పాత పింఛను విధానము లేదు. చందా పింఛను పద్ధతి వచ్చినది. మూలవేతనము, కరువు భత్యము కలిపి అందు 10 శాతము ఉద్యోగి వాటాగా పోవును. మూలవేతనమునకే లెక్కించినను 2,522 రూపాయలు. అనగా పల్లెలో ఇంటి అద్దెకని వచ్చిన మొత్తమంతయు పింఛను నిధికి సరిపోవును. జీవిత బీమా, వైద్య పథకము చందాలు వేరు. శిక్షణ కాలమునందు పూర్తి జీతము ఉండదు. భృతి మాత్రమే ఉండును. అందుచేతనే వారికి స్టైపెండియరీ కేడెట్ ట్రైనీ అని పేరు.

ఐనను ఈ జీతమునకొక గుణము కలదు. మామిడి రైతునకు ఆదాయము ఏటికొక్కమారు. పూతనాడు మంచు పట్టినను, కాయనాడు గాలి కొట్టినను, అంగడిలో ధర పడినను ఆ యేటి బ్రతుకు తలక్రిందులగును. నెలనెలకు తప్పక వచ్చు పాతికవేలు అట్టి ఇంటికి పెద్ద ఊతము. తోట అమ్మకుండ నిలుపుకొనుటకు ఒక కుమారుని ఉద్యోగము తోడ్పడిన కుటుంబములు మన ప్రాంతమున లేకపోలేదు. జీతము తక్కువని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఎంతయో తెలిసి చేరవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ జీతమునకు ప్రతిగా ఇచ్చు కాలమును కూడ తూచవలెను. దసరాకు ఇంద్రకీలాద్రిపై లక్షలాది భక్తులు అమ్మవారిని దర్శించుకొనునప్పుడు జవాను క్యూ ప్రక్కన నిలిచియుండును. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములు పండ్రెండు దినములు జరిగినప్పుడును, ఎన్నికలప్పుడును అంతే. మనకు పండుగ యైన దినము వారికి పనిదినము. 2019 జూనులో రాష్ట్ర ప్రభుత్వము పోలీసులకు వారమునకొక సెలవు ప్రకటించినది. సిబ్బంది చాలని చోట అది మాటిమాటికి వాయిదాపడుట సహజము. ఆడపిల్లలను పంపు తల్లిదండ్రులు ఈ విషయమును మరింత ఆలోచింతురు. సివిలు విభాగమున మూడవ వంతు పదవులు స్త్రీలకు కేటాయింపబడినవి. స్త్రీ ఫిర్యాదుదారు ధైర్యముగా ఠాణా మెట్టు ఎక్కవలెనన్న లోపల స్త్రీ ఉద్యోగి ఉండుట ఎంత ఆవశ్యకమో చెప్పనక్కరలేదు.

మూడు కాపులు

ఇప్పుడు నాలుగవ ప్రశ్నకు వత్తము. 2022 నవంబరు 28న ప్రకటన. 2023 జనవరి 22న కానిస్టేబులు ప్రాథమిక పరీక్ష. దానికి హాజరైనవారు 4 లక్షల 59 వేలకు పైచిలుకు. ఉత్తీర్ణులు 95,208 మంది. అంతవరకు పని చురుకుగానే సాగినది. పిమ్మట ఎన్నికల నియమావళి, న్యాయస్థానములలో వ్యాజ్యములు అడ్డువచ్చినవి. ఆ 95 వేలమందికి దేహ పరీక్షలు 2024 డిసెంబరు చివర మొదలై 2025 ఫిబ్రవరి తొలినాళ్ల వరకు సాగినవి. తుది వ్రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితములు ఆగస్టు 1న వచ్చినవి. శిక్షణకు పిలుపు ఆ డిసెంబరులో.

సబ్ ఇన్‌స్పెక్టర్ల నియామకము ఇంత దీర్ఘముగా సాగలేదు. కానిస్టేబులు అభ్యర్థులకు మాత్రము ప్రకటన నుండి ఫలితము వరకు రెండేండ్ల ఎనిమిది నెలలు పట్టినవి. మన లెక్కలో చెప్పవలెనన్న, 2023, 2024, 2025 వేసవులలో మూడు మామిడి కాపులు కోతకు వచ్చి అంగడికి పోయినవి. ప్రాథమిక పరీక్షనాడు తోటలు పూతమీద నున్నవి. రెండేండ్ల తరువాత దేహ పరీక్షలనాడు మరల పూతమీదనే యున్నవి.

ఈ మూడు కాపుల కాలములో అభ్యర్థి ఏమి చేయవలెను? పరుగు మానినచో శరీరము సడలును; పుస్తకము మూసినచో మరపు వచ్చును; వేరు ఉద్యోగమున చేరినచో సాధనకు తీరిక ఉండదు. నగరములో గది అద్దె, శిక్షణ రుసుము ఇంటివారు పంపవలెను. ఎన్నికైన వాని వయస్సు 2022 జులై 1 నాటికే లెక్క గనుక అతనికి చింత లేదు. ఓడినవానికే ఇది పరీక్ష. 23వ యేట దరఖాస్తు పెట్టినవాడు ఫలితము చూచు నాటికి 26వ యేట ఉండును. తరువాతి ప్రకటనకు వయస్సు క్రొత్త తేదీకి లెక్కింపబడును. సాధారణ వర్గమువానికి అప్పటికే ద్వారము మూసికొనిపోవచ్చును. ప్రాథమిక పరీక్ష వ్రాసినవారిలో డెబ్బది అయిదుగురికి ఒక్కరు చొప్పున మాత్రమే పదవులు కలవు. తక్కిన డెబ్బది నలుగురును సోమరులు కారు, అసమర్థులును కారు. వారి యౌవనములోని మూడేండ్ల మాట ఏ ప్రకటనలోను ఉండదు.

కావున మేము చెప్పదలచినది ఇది. రూపాయలతో పాటు ఏండ్లను కూడ లెక్కింపుడు. దరఖాస్తు పెట్టునప్పుడే అభ్యర్థియు తల్లిదండ్రులును కూర్చుండి ఒక గడువు నిర్ణయించుకొనుట మంచిది. ఇంటర్మీడియటుతో కానిస్టేబులు పరీక్షకు పోవువాడు పట్టపు చదువును మానరాదు. నిరీక్షణ కాలములో పట్టము చేతికి వచ్చినచో సబ్ ఇన్‌స్పెక్టరు ద్వారము తెరచుకొనును; ఇతర పోటీ పరీక్షలకును అవే పాఠ్యాంశములు పెక్కు ఉపకరించును. ప్రాథమిక పరీక్ష నెగ్గినవాడు తుది ఫలితము వచ్చు వరకు ఊరక యుండక, రోజున సగము పూటైనను తోటలోనో, అంగడిలోనో, వేరు పనిలోనో గడుపుట గౌరవమునకు లోపము కాదు. ప్రతి ఉదయము 1,600 మీటర్ల పరుగుకు పది నిమిషములు చాలును, దినమంతయు అక్కరలేదు.

ప్రభుత్వము ఏటేట నియత కాలమున ఖాళీలు ప్రకటించి, నియత కాలమున ముగించినచో ఈ చిక్కు చాలవరకు తీరును. అంతవరకు మన జాగ్రత్తలో మనముండుట తప్పదు. నగర కూడలిలో ఎండకు నిలిచిన జవానును చూచినప్పుడు, ఆ నిలుచుట దుస్తులు ధరించిన నాడు మొదలైనది కాదనియు, అంతకు ఏండ్ల ముందే ఏదో పల్లెలో మొదలైనదనియు మన శ్రోతలు ఒకింత తలచుకొందురు గాక.